కొట్టేసిన నాలుగు లైన్లు

రామబ్రహ్మానికి నలభై నాలుగేళ్లు వచ్చేదాకా "నాకు తెలియదు" అని ఎవరితోనూ అనాల్సిన అవసరం పడలేదు. అవనిగడ్డ దగ్గర ఒక పల్లె నుంచి వచ్చి, హైదరాబాదులో ఒక ప్రభుత్వ కర్మాగారంలో పంతొమ్మిదేళ్లు టెలిఫోను ఎక్స్ఛేంజీలకు ప్రోగ్రాములు రాశాడు. అక్కడ ఏ యంత్రం మొరాయించినా "బ్రహ్మంగారిని పిలవండి" అనేవాళ్లు. ఆయన వచ్చి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, కాగితాల కట్ట తిరగేసి, పెన్సిల్‌తో ఒకచోట సున్నా చుట్టేవాడు. తప్పు అక్కడే ఉండేది. పంతొమ్మిదేళ్లు అలా గడిస్తే మనిషికి తన మీద తనకు ఒక నమ్మకం ఏర్పడుతుంది. ఆ నమ్మకం పక్కనే, ఎవరికీ కనపడకుండా, ఒక బెరుకు కూడా పెరుగుతుంది. ఏదో ఒకరోజు సున్నా చుట్టలేకపోతే ఎలా అని.

కర్మాగారంలో పని తగ్గిపోయి, ఇష్టమున్నవాళ్లు ముందే విరమించుకోవచ్చునని కాగితం వచ్చినప్పుడు ఆయన విరమించుకున్నాడు. 1999 జనవరిలో మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి భవనంలో, నాలుగో అంతస్తులో, ఇరవై మంది కూడా లేని ఒక కంపెనీలో చేరాడు. శేరిలింగంపల్లిలో అద్దె ఇల్లు తీసుకున్నాడు. పొద్దున్నే చేతక్ స్కూటర్ మీద బయల్దేరి, రోడ్డు కోసం బండలు పగలగొడుతున్న చోట దుమ్ము మింగుతూ, ఆఫీసు చేరాక రుమాలుతో మొహం తుడుచుకుని లిఫ్టెక్కేవాడు. ఆఫీసులో అందరూ ఆయనకన్నా పది నుంచి ఇరవై ఏళ్లు చిన్న. మేనేజరు జశ్వంత్‌కి ముప్ఫై ఒకటి. మొదటిరోజు ఆయన్ని అందరి ముందూ నిలబెట్టి, "రామబ్రహ్మం గారు. మనం లాగూలు వేసుకునే రోజుల నుంచీ కోడ్ రాస్తున్నారు" అని పరిచయం చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. రామబ్రహ్మం మాత్రం ఆ చప్పట్లు ఆగకముందే వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

ఎందుకంటే ఇక్కడి పని ఆయనకు కొత్త. ఆఫీసుకీ ఆఫీసుకీ మధ్య సమాచారాన్ని ప్యాకెట్లుగా చేరవేసే ఒక పెట్టె తయారవుతోంది. దాన్ని కొనేవాడు సింగపూర్‌లో ఉన్నాడు. ఆ పెట్టె గుండెకాయ కెర్నెల్, అంటే మిగతా ప్రోగ్రాములన్నిటికీ అడుగున ఉండి నడిపించే ప్రోగ్రాము. పెట్టెలో తీగ తగిలించే కార్డు ఒకటుంటుంది, అందులోంచి వచ్చిన ప్రతి ప్యాకెట్‌నీ కెర్నెల్ ఎక్కడో ఒకచోట ఉంచుకోవాలి. ఆ ఉంచుకునే చోటే బఫర్. రామబ్రహ్మం పాత ఉద్యోగంలో బఫర్లన్నీ ఒకే రకం, ఒకే కొలత. తీసుకో, నింపు, ఖాళీ చెయ్యి, తిరిగి పెట్టెయ్. ఇక్కడ మూడు రకాలు. వంద బైట్ల దాకా పట్టే చిన్నది ఒకటి. రెండు వేల బైట్లు పట్టే పెద్దది ఒకటి. మూడోది కెర్నెల్ సొత్తే కాదు, కార్డు తన మెమరీలోంచి వాడుకోమని ఇచ్చేది. పనయ్యాక దాన్ని కార్డుకే అప్పజెప్పాలి.

చిక్కు అక్కడితో ఆగలేదు. ఒకే ప్యాకెట్ రెండు ఊళ్లకు పోవాలంటే, చిన్న బఫర్‌లో ఉన్నదానికి కెర్నెల్ రెండో కాపీ తీస్తుంది. పెద్దదానికి తీయదు. అంత మోత దండగ అని, ఉన్న ఒక్క బఫర్‌నే ఇద్దరికీ చూపించి, ఎంతమంది పట్టుకున్నారో ఒక అంకె రాసుకుంటుంది. కార్డు ఇచ్చినదానికీ అంతే. లైబ్రరీ నుంచి ఒక్క పుస్తకం తెచ్చుకుని ఇద్దరు చదువుకున్నట్టు. చదివినంతసేపూ పేచీ లేదు. ఒకరు అందులో పెన్ను పెట్టి కొట్టేసి రాస్తే మాత్రం రెండోవాళ్లు చదివేదీ ఆ రాతే.

ఇదంతా రామబ్రహ్మానికి మొదట్లో తెలియదు. తెలిసింది హర్షిణికి.

హర్షిణిది నల్లగండ్ల. ఇరవై రెండేళ్ల పిల్ల, చదువైపోయిన నెలలోనే ఇక్కడ చేరింది. ఆమెకు పని నేర్పే బాధ్యత జశ్వంత్ రామబ్రహ్మానికే అప్పగించాడు. ఆ పిల్లకి అడగడానికి మొహమాటం లేదు. కాగితాల కట్ట పట్టుకుని వచ్చి, "సార్, ఈ ముక్క నాకు సమజ్ అయితలేదు. గీ అంకె ఎందుకు పెంచుతున్నరు ఈడ?" అనేది.

"అన్నీ చెప్పేస్తే నువ్వెప్పుడు నేర్చుకుంటావమ్మా? చదివి రా, రేపు మాట్లాడదాం" అనేవాడు రామబ్రహ్మం.

మర్నాడు ఆమె చదివి వచ్చి, బొమ్మలు గీసి, విప్పి చెప్పేది. ఆయన తల పంకించి, "అదే. నేననుకున్నదీ అదే" అనేవాడు. హర్షిణి సంతోషంగా వెళ్లిపోయేది. సార్ భలే నేర్పిస్తరు, అన్నీ నాతోనే చెప్పిస్తరు అని క్యాంటీన్‌లో అందరితో అనేది. ఆ మాట చెవిన పడ్డ రోజు రామబ్రహ్మం సగం అన్నం వదిలేసి లేచాడు.

ఏప్రిల్‌లో హర్షిణికి కామెర్లు వచ్చి మూడు వారాలు సెలవు పెట్టింది. అదే సమయానికి క్లయింటు మనుషులు వస్తున్నారని కబురు. సెకనుకి ఇరవై వేల ప్యాకెట్లు పోవాలని వాళ్ల షరతు. పెట్టె పన్నెండు వేల దగ్గర ఆగిపోతోంది.

"గురువారం డెమో అండీ. మీ చేతిలోనే ఉంది" అన్నాడు జశ్వంత్.

రామబ్రహ్మం వెతగ్గా వెతగ్గా హర్షిణి రాసిన ఫంక్షన్‌లో, అంటే ప్రోగ్రాములోని ఒక ముక్కలో, నాలుగు లైన్లు దొరికాయి. బయటికి పోయే ప్యాకెట్ మీద చిరునామా రాసేముందు, బఫర్ ఏ రకమో చూసి, చిన్నది కాకపోతే మొత్తం ప్యాకెట్‌ను కొత్త బఫర్‌లోకి కాపీ చేస్తున్నాయవి. నెమ్మదికి కారణం అదే. ఆ లైన్ల పైన ఆమె ఒక గమనిక రాసింది: ఈ బఫర్‌ను ఇంకెవరైనా పట్టుకుని ఉండొచ్చు, అందుకని ప్రస్తుతానికి అన్నిటినీ కాపీ చేస్తున్నాను, తర్వాత దీన్ని సరిచేయాలి, దయచేసి తీసేయకండి.

రామబ్రహ్మం ఆ గమనిక రెండుసార్లు చదివాడు. ఇంకెవరు పట్టుకుని ఉంటారో ఆయనకు అంతుబట్టలేదు. పక్క టేబుల్ దగ్గర ఇద్దరు కుర్రాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒకడిని అడిగితే అయిదు నిమిషాల్లో తేలేది. లేచి వాళ్ల దాకా వెళ్లాడు కూడా. వాళ్లు వెంటనే లేచి నిలబడి, "చెప్పండి సార్" అన్నారు. "ఏం లేదు, ప్రింటర్‌లో కాగితం ఉందా?" అని అడిగి వెనక్కొచ్చాడు.

ఆ నాలుగు లైన్లూ, పైనున్న గమనికా కొట్టేశాడు. ల్యాబ్‌లో పరీక్షించే పెట్టెకి బయటికి దారి ఒక్కటే కాబట్టి తప్పు బయటపడే వీలే లేదు. వేగం ఇరవై ఒక్క వేలు దాటింది. గురువారం డెమో అదిరిపోయింది. జశ్వంత్ ఆయన్ని కౌగిలించుకున్నంత పని చేసి, "అనుభవం అంటే ఇదీ" అన్నాడు. అందరికీ బాదుషాలు పంచారు. హర్షిణి తిరిగి వచ్చేసరికి కోడ్ సింగపూర్ వెళ్లిపోయింది. ఆమెను ఇంకో పనిలో పెట్టారు. ఆ ఫంక్షన్ మళ్లీ తెరిచి చూసే పని ఆమెకు పడలేదు.

జూన్ మొదటివారంలో క్లయింటు నుంచి ఫిర్యాదు వచ్చింది. వాళ్లు పెట్టెకు రెండు బ్రాంచీలు తగిలించారు. చిన్నా చితకా ప్యాకెట్లు రెండు చోట్లకీ సుబ్బరంగా చేరుతున్నాయి. పెద్ద ఫైళ్లు మాత్రం ఒక బ్రాంచికే పోతున్నాయి. రెండు కాపీల మీదా ఒకే చిరునామా పడుతోంది.

జశ్వంత్ ఆ ఉత్తరం చదివి వినిపిస్తున్నప్పుడే రామబ్రహ్మానికి అర్థమైపోయింది. చిన్నవాటికి ఏమీ కావడంలేదు, పెద్దవాటికే అవుతోంది. "ఇంకెవరైనా పట్టుకుని ఉండొచ్చు" అంటే ఏమిటో, ఎవరూ చెప్పకుండానే, ఆ క్షణంలో తెలిసింది.

మీటింగు గదిలో ఎనిమిదిమంది ఉన్నారు. ఫంక్షన్ ప్రింటు తీసిన కాగితం బల్ల మీద ఉంది. పైన రాసినవారి పేరు: హర్షిణి. అందరి కోడ్‌నూ కలిపి కూర్చే బిల్డు మిషను మీద అందరిదీ ఒకటే లాగిన్ కాబట్టి, ఆ తర్వాత ఎవరు చెయ్యి పెట్టారో చెప్పే ఆధారం లేదు.

"ఇది ఎవరిది?" అన్నాడు జశ్వంత్.

"నాదే సార్" అంది హర్షిణి. కాగితం దగ్గరికి లాక్కుని చూసింది. వేలితో లైను వెంట లైను దిగుతూ వచ్చి ఒకచోట ఆగింది. ఇంకోసారి పైనుంచి దిగింది. మళ్లీ అక్కడే ఆగింది. తలెత్తి రామబ్రహ్మం వైపు చూసింది. అది నిలదీసే చూపు కాదు. లెక్క తేలనప్పుడు పిల్లలు మాస్టారి వైపు చూసే చూపు.

"పంచుకున్న బఫర్‌లోనే రాసేస్తున్నావు కదా. ఇంత బేసిక్ విషయం చూసుకోవద్దా?" జశ్వంత్ గొంతు పెంచాడు.

ఆమె నోరు తెరిచేలోపు రామబ్రహ్మం అందుకున్నాడు. ఆ మాటలు ఎక్కణ్నుంచి వచ్చాయో ఆయనకే తెలియదు. "తప్పు నాదీ ఉందండీ. కొత్త పిల్ల. నేను దగ్గరుండి చూసుకోవాల్సింది. ఆ అమ్మాయిని ఏమీ అనకండి."

గదిలో వేడి తగ్గింది. జశ్వంత్ మెత్తబడి, "మీ పెద్దమనసుకి మీరలా అంటారు. కానీ క్లయింటుకి నేను ఏదో ఒకటి చెప్పాలి కదండీ" అన్నాడు. హర్షిణి తల దించుకుని కాగితం మడత పెడుతోంది. ఒకసారి మడిచిన దాన్నే మళ్లీ మళ్లీ మడుస్తోంది.

ఆమెను యూజర్ మాన్యువల్ రాసే పనికి మార్చారు. ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించారు. మీటింగులో ఉన్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు తర్వాత రామబ్రహ్మం దగ్గరికొచ్చి, "మీరు కాబట్టి ఆ పిల్ల ఉద్యోగం నిలబడింది సార్" అన్నారు. దొంగతనం చేసినవాడికి సన్మానం చేసినట్టు ఉంది ఆయన పని. ఆ సాయంత్రం ఇంట్లో భార్య వాసంతి, "అలా ఉన్నారేం?" అని అడిగితే, "ఆఫీసులో ఒక పిల్ల పొరపాటు చేసింది" అన్నాడు. ఇంట్లో కూడా అదే అన్నాడు. "పాపం, కొత్త పిల్లేమో" అంది వాసంతి. ఆయన చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లి, చాలాసేపు కుళాయి దగ్గరే నిలబడ్డాడు.

సరిచేసే పని ఆయన మీదే పడింది. గడువు పది రోజులు. అప్పుడు కూర్చుని, చేరిన రోజే చదవాల్సిన కెర్నెల్ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. అట్టకి పాత వార్తాపత్రిక చుట్టుకున్నాడు, ఏం చదువుతున్నాడో ఎవరూ చూడకుండా. ఒక్కో పేజీ తిప్పుతుంటే హర్షిణి మాటలే గుర్తొచ్చాయి. ఇది ఆ పిల్ల ఫలానా రోజు చెప్పింది. ఇది బొమ్మ గీసి చూపించింది. ఇది కూడా తనకి తెలుసన్నట్టు తల ఊపాడు. పుస్తకం అర్థమవుతున్నకొద్దీ ఆయనకు తల ఎత్తబుద్ధి కాలేదు. తెలియనివాడు చేసిన తప్పుకన్నా, తెలుసన్నట్టు నటించినవాడు చేసిన తప్పు ఎంత పెద్దదో ప్రతి పేజీలోనూ కనిపించింది.

ఆ నాలుగు లైన్లు మళ్లీ పెడితే పెట్టె మళ్లీ పన్నెండు వేలకు పడిపోతుంది. అసలు మార్గం వేరే ఉంది. బఫర్‌ను ఒక్కరే పట్టుకుని ఉంటే అక్కడే రాసెయ్యాలి. ఇద్దరు పట్టుకుని ఉంటే, చిరునామా ఉండే ముందు ముక్కను మాత్రం ఒక చిన్న బఫర్‌లోకి తీసుకుని అందులో రాసి, వెనకాల పెద్దదాన్ని తాకకుండా తగిలించాలి. యాభై బైట్ల పనికి రెండు వేల బైట్లు మొయ్యనక్కర్లేదు. "తర్వాత సరిచేయాలి" అని ఆ పిల్ల రాసుకున్నది ఇదే. ఆయన అలాగే రాశాడు. చిన్నవాటికీ పెద్దవాటికీ పనిచేసింది. కార్డు ఇచ్చిన బఫర్ వచ్చేసరికి పెట్టె నిలువునా కుప్పకూలింది. నాలుగు రోజులు కొట్టుకున్నాడు. ఎనిమిదోరోజు ఆదివారం.

పదకొండింటికి స్కూటర్ తీసి నల్లగండ్ల వెళ్లాడు. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాడు. అమ్మా, ఆ లైన్లు తీసింది నేనే. ముందు ఇది చెప్పాలి, తర్వాతే కోడ్ సంగతి. సంచిలో కాగితాల కట్ట ఉంది.

రెండు గదుల ఇల్లు. ముందు వరండాలో హర్షిణి తల్లి సీతాబాయి కుట్టు మిషను తొక్కుతోంది. చుట్టూ రంగురంగుల జాకెట్టు ముక్కలు. తండ్రి ఆ పిల్ల చిన్నప్పుడే పోయాడు. మిషను మీదే ఆమెను చదివించింది. రామబ్రహ్మం తన పేరు చెప్పగానే సీతాబాయి గాభరాగా లేచి, కుర్చీ మీది బట్టలు తీసి, కొంగుతో కుర్చీ తుడిచింది.

"కూసోండి సార్, కూసోండి. హర్షిణీ, మీ సార్ వచ్చిన్రు సూడు! ఇంట్ల పొద్దుమాపు మీ ముచ్చటే సార్. సార్ గిట్ల చెప్పిన్రు, గట్ల నేర్పిన్రు అని." ఆమె గొంతు తగ్గించింది. "మొన్న ఆఫీసుల ఏదో గడ్‌బడ్ అయిందంట గద. ఇదైతే ఒక్క ముక్క చెప్పలే. దీని దోస్తు చెప్పింది. మీరు అడ్డం నిలబడకుంటే నౌకరి పోతుండె అన్నది. తండ్రి లేని పిల్ల సార్. మీరు తండ్రి లెక్క నిలబడ్డరు."

ఆమె రెండు చేతులూ జోడించింది. రామబ్రహ్మం ఆ చేతుల వైపు చూడలేకపోయాడు. సూది పొడిచి పొడిచి ఆమె చూపుడువేలు గరుకుదేలి ఉంది. చెప్పు, ఇప్పుడే చెప్పు అని లోపల ఎవరో అరుస్తున్నారు. తలుపు దగ్గర హర్షిణి నిలబడి ఉంది. తల్లి మాటలన్నీ విన్నది.

"కార్డు బఫర్ దగ్గర ఆగిపోయిందమ్మా" అన్నాడు రామబ్రహ్మం. చెప్పాలని వచ్చింది ఒకటి, నోట్లోంచి వచ్చింది ఇది.

హర్షిణి కాగితాలు తీసుకుని గడప మీద కూర్చుంది. పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని పదిహేను నిమిషాలు చదివింది. "ఈడ సార్. మీరు మూడు రకాలకు ఒక్కచోట్నే అంకె చూస్తున్నరు. పెద్ద బఫర్ల అంకెలు కెర్నెల్ పట్టికల ఉంటయ్. కార్డు ఇచ్చినవాటి అంకె ఆ పట్టికల ఉండది, కార్డును నడిపే డ్రైవర్ ప్రోగ్రాం దగ్గర ఉంటది. లేనికాడ వెతికితే కూలిపోక ఏమైతది? ముందు రకం చూసి, ఎవరిది వాళ్లనే అడగాలె." అంచున ఆరు లైన్లు రాసి ఇచ్చింది.

ఆయన స్కూటర్ దాకా వచ్చింది. వీధిలో ఎవరూ లేరు.

"సార్, నేను రాసిన నాలుగు లైన్లు ఆ కాగితంల లేవు" అంది మెల్లగా. "నేనైతే తియ్యలే."

రామబ్రహ్మం హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు. "రేపు మాట్లాడదామమ్మా" అన్నాడు.

"మంచిది సార్" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఆమెకు తెలుసు. మీటింగు గదిలోనే తెలుసు. తెలిసి కూడా తల్లి చేతులు జోడిస్తుంటే ఊరుకుంది. తెలిసి కూడా గడప మీద కూర్చుని ఆయన తప్పు దిద్దిపెట్టింది. ఇంటికి వచ్చాక వాసంతి అన్నం పెడతానంటే వద్దని, ఆమెను కూర్చోబెట్టి మొత్తం చెప్పాడు. ఆమె అంతా విని, "ఆ రోజు నాతో కూడా అబద్ధమే చెప్పారా?" అని మాత్రం అడిగింది. ఆయన తల ఊపాడు.

సోమవారం పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి, ఆ ఆరు లైన్లు ఎక్కించి, పెట్టె కూలకుండా నడవడం చూసి, జశ్వంత్ గదిలోకి వెళ్లి తలుపు వేశాడు. కోడ్ పనిచేస్తోందని ముందు చెప్పాడు. దాన్ని పూర్తిచేసింది హర్షిణి అని చెప్పాడు. ఏప్రిల్‌లో ఆ నాలుగు లైన్లు కొట్టేసింది తనేనని చెప్పాడు.

జశ్వంత్ లేచి, తలుపు సరిగ్గా పడిందో లేదో చూసి వచ్చాడు. "ఇప్పుడెందుకండీ ఇదంతా? క్లయింటుకి జూనియర్ చేసిన పొరపాటు అని రాసేశాను. మళ్లీ కాదు, మా సీనియరే చేశారు అని రాయనా? పోనీ ఒక పని చేద్దాం. ఆ అమ్మాయిని సైలెంట్‌గా మళ్లీ టీమ్‌లోకి తెచ్చేద్దాం. ప్రొబేషన్ సంగతి నేను చూసుకుంటా. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు."

ఒక్క నిమిషం ఆ మాట రామబ్రహ్మానికి చల్లగా తగిలింది. అందరికీ బాగుంటుంది. ఎవరికీ తెలియదు. అలా చల్లగా అనిపించినందుకు ఆయనకు తన మీద తనకే రోత పుట్టింది.

"లేదండీ. ఆ రోజు ఆ గదిలో ఎంతమంది ఉన్నారో అంతమందినీ పిలవండి" అన్నాడు.

ఎనిమిదిమందీ వచ్చారు. కూర్చుని చెబుదామనుకున్నాడు, కూర్చోలేకపోయాడు. నిలబడి, కుర్చీ వీపు పట్టుకుని చెప్పాడు. లైన్లు తీసింది తానని, ఆ రోజు పెద్దమనసు చూపించినట్టు మాట్లాడింది తన తప్పు కప్పుకోవడానికేనని చెప్పాడు. మొన్న ఆయన్ని మెచ్చుకున్న కుర్రాడు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

హర్షిణి అడిగింది. "పైన నేను రాసింది చదవలేదా సార్?"

"చదివానమ్మా. అర్థం కాలేదు. ఎవరినైనా అడగడానికి సిగ్గేసింది."

"పక్కింట్ల ఫోన్ నంబర్ ఇచ్చే పోయిన గద సార్. పండుకున్నా గని, లేచి వచ్చి చెప్తుంటి."

ఆమే మళ్లీ అడిగింది.

"మరి మీటింగుల?"

"అప్పుడు ఒప్పుకోడానికి సిగ్గేసింది."

ఆమె కళ్లు తుడుచుకుని, జశ్వంత్ వైపు తిరిగి, "నా లైన్లు ఇగ నేనే చూసుకుంట సార్" అని లేచి వెళ్లిపోయింది.

జశ్వంత్‌కి ఇష్టం లేకపోయినా క్లయింటుకి నిజమే రాయాల్సి వచ్చింది. రామబ్రహ్మాన్ని ఆ పనికి పెద్దగా ఉంచలేదు. తమిళనాడు నుంచి వచ్చిన ఒక ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడి కింద వేశారు. హర్షిణి మళ్లీ కోడ్‌లోకి వచ్చింది, పొడిగించిన ప్రొబేషన్ రద్దయింది. ఇరవై వేలు అడిగిన చోట పెట్టె పంతొమ్మిదిన్నర వేలు చేసింది, క్లయింటు సర్దుకున్నాడు. హర్షిణి ఆయనకు రోజూ నమస్తే చెప్పేది. పని మీద ఏం అడిగినా జవాబు చెప్పేది. కాగితాల కట్ట పట్టుకుని ఆయన టేబుల్ దగ్గరికి మాత్రం మళ్లీ రాలేదు. "సమజ్ అయితలేదు" అని ఇప్పుడు ఆమె వేరేవాళ్లని అడిగేది. అది విన్నప్పుడల్లా రామబ్రహ్మం కళ్లజోడు తీసి తుడుచుకునేవాడు.

జులైలో ఒక శనివారం, హర్షిణి ఆఫీసులో ఉండగా, ఆయన ఒక్కడే నల్లగండ్ల వెళ్లాడు. సీతాబాయి దగ్గర తీసుకున్న దణ్ణం ఆయన్ని నిద్రపోనివ్వడం లేదు. ఆమె మళ్లీ కుర్చీ తుడవబోతే వద్దన్నాడు.

"ఆ రోజు మీరు నాకు దణ్ణం పెట్టారమ్మా. నేను దానికి తగను. మీ అమ్మాయి మీద మాట వచ్చింది నా వల్లే. తప్పు నాది, నింద తనది. నేను అడ్డం నిలబడలేదు, వెనక దాక్కున్నాను."

సీతాబాయికి కోడ్ సంగతులు తెలియవు. మనుషుల సంగతి తెలుసు. మిషను మీద చెయ్యి అలాగే ఉంచి విన్నది.

"ఆ పది దినాలు నా పిల్ల అన్నం తినలే సార్" అంది చివరికి. "ముద్ద నోట్ల పెట్టుకొని గట్లనే కూసుంటుండె. దోస్తు చెప్పకముందు, కామెర్లు మల్ల తిరగబెట్టినయేమో అనుకొని దవాఖానకు తోలుకపోయిన. డాక్టరు రక్తం తీసి చూసి ఏం లేదన్నడు. ఏం లేకుంటే ఎందుకు తింటలేవే అని నేనే దాన్ని తిట్టిన. రెండు మూడుసార్లు తిట్టిన."

రామబ్రహ్మం క్షమించమని అడగాలని వచ్చాడు. అది విన్నాక అడగడానికి నోరు రాలేదు.

ఆమె కుట్టు మీద ఉన్న జాకెట్టు ముక్క తీసి మడిచి పక్కన పెట్టింది. లోపలికి పోయి స్టవ్ మీద గిన్నె పెట్టిన చప్పుడైంది. కాసేపటికి ఒక గాజు గ్లాసులో చాయ్ తెచ్చి ఆయన ముందు పెట్టి, మళ్లీ మిషను ముందు కూర్చుని, దారం ఎక్కించుకుంది. ఆ చాయ్ ఇవ్వడంలో మన్నింపు ఉందో, ఇంటికొచ్చిన మనిషికి చేసే మర్యాద మాత్రమే ఉందో ఆయనకు తెలియలేదు. అడగలేదు. మిషను టకటకా తిరుగుతుంటే, వేడివేడి చాయ్ నాలుక కాల్చుకుంటూనే తాగేసి, గ్లాసు కుళాయి దగ్గర కడిగి, గట్టు మీద బోర్లించి వచ్చాడు.